నచ్చని వంటకం ఎదురైతే...

కొందరికి కాకరకాయ గిట్టదు. కొందరు వంకాయను చూస్తేనే ముఖం తిప్పుకుంటారు. చేపల వాసనకే లేచి వెళ్ళిపోయేవారు కొందరు. మాంసం ఇష్టంగా తింటూనే పాయా, బోటీ, తలకాయ కూర మాత్రం ముట్టనివారు మరికొందరు. ఇంట్లో నలుగురు ఉంటే నాలుగు నాలుకలు, నాలుగు రుచులు. పైకి ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఎన్నో ఇళ్ళలో దస్తర్‌ఖాన్ పరిచిన క్షణంలోనే గొడవ మొదలవడానికి ఇదే కారణం. భర్త మూత తీసి చూసి విసుక్కుంటాడు. పొయ్యి దగ్గర చెమటోడ్చిన భార్య ఆకలి చచ్చిపోతుంది. తినని పిల్లవాడి వీపున దెబ్బ పడుతుంది. విందుకు వెళ్ళినచోట ఒక్క మాటతో ఏళ్ళ నాటి బంధుత్వం బీటలు వారుతుంది.

మరి నచ్చని ఆహారం ముందుకు వచ్చినప్పుడు విశ్వాసి ఎలా మసలుకోవాలి? ఒక హలాల్ పదార్థం నచ్చకపోవడమే పాపమా? నచ్చనివారి చేత బలవంతంగా తినిపించవచ్చా? ఈ ప్రశ్నలకు దైవప్రవక్త (స) జీవితంలో ఎంతో స్పష్టమైన సమాధానాలు ఉన్నాయి.

మైమూనా (రజి) ఇంట ఒక భోజనం

హజ్రత్ మైమూనా (రజి) దైవప్రవక్త (స) సతీమణి. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)కి, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి)కి ఆమె పినతల్లి వరుస. ఒకరోజు వీరిద్దరూ దైవప్రవక్త (స)తో కలిసి ఆమె ఇంట భోజనానికి కూర్చున్నారు. మైమూనా (రజి) సోదరి ఒకామె నజ్ద్ ప్రాంతం నుండి కొన్ని ఆహార పదార్థాలను కానుకగా తెచ్చారు. వాటిలో నెయ్యి ఉంది, ఎండబెట్టిన పెరుగు ఉంది, 'దబ్' మాంసం కూడా ఉంది. దబ్ అంటే ఎడారిలో ఉండే బల్లి జాతి జంతువు. తెలుగు అనువాదాల్లో దీన్ని 'ఉడుము' అని రాస్తుంటారు గాని, ఇది మన ప్రాంతపు ఉడుము కాదు. ప్రధానంగా మొక్కలు తిని బతికే జంతువు.

కాల్చిన దబ్ మాంసం దైవప్రవక్త (స) ముందుకు వచ్చింది. ఆయన చేయి చాచబోతుండగా, అక్కడున్న స్త్రీలలో ఒకరు అదేమిటో ఆయనకు చెప్పమన్నారు. దబ్ అని చెప్పగానే ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. అది చూసి ఖాలిద్ (రజి), ఇది హరామా అని అడిగారు. కాదని దైవప్రవక్త (స) బదులిచ్చారు. అది తమవారి ప్రాంతంలో ఉండేది కాదనీ, అందువల్ల తినాలని తమకు అనిపించడం లేదనీ వివరించారు. అప్పుడు ఖాలిద్ (రజి) దాన్ని తనవైపుకు లాక్కుని, దైవప్రవక్త (స) చూస్తుండగానే తిన్నారు. ఆయన వారించలేదు. అదే కానుకలోని నెయ్యిని, ఎండు పెరుగును మాత్రం దైవప్రవక్త (స) తిన్నారని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఈ ఉల్లేఖనాలు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి.

దబ్ తినడానికి సంబంధించి ఫిఖహ్ పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. అత్యధికులు ధర్మసమ్మతమని అంటే, హనఫీ పండితులు వేరే ఆధారాల దృష్ట్యా దాన్ని మక్రూహ్‌గా పరిగణించారు. ఆ చర్చ మన నేటి పాఠానికి అవసరం లేదు. ఆ భోజనం దగ్గర దైవప్రవక్త (స) ప్రవర్తించిన తీరే మనకు కావలసింది.

ఈ సంఘటన నేర్పే పాఠాలు

మొదటిది: ఒక ఆహారం మనసుకు నచ్చకపోవడం దోషం కాదు. మానవులందరిలో ఉత్తములైన దైవప్రవక్త (స)కే ఒక పదార్థం తినాలనిపించలేదు. దాన్ని ఆయన దాచుకోలేదు, తమను తాము బలవంతపెట్టుకోనూ లేదు. పుట్టి పెరిగిన చోటి అలవాటును అందుకు కారణంగా చెప్పారు. కనుక ఒక కూర తిననంత మాత్రాన ఎవరినీ కృతఘ్నుడని నిందించే హక్కు మనకు లేదు.

రెండవది: తన అయిష్టాన్ని ధర్మాజ్ఞగా మార్చకూడదు. 'నాకు నచ్చదు' అనడం వేరు, 'ఇది తినరానిది' అనడం వేరు. ఖాలిద్ (రజి) అడిగిన మొదటి ప్రశ్నే హరామా అని. దైవప్రవక్త (స) ఈ రెంటినీ విడదీసి సమాధానమిచ్చారు.

మూడవది: తనకు నచ్చనిదాన్ని ఇతరులు తింటే అడ్డుకోకూడదు, అసహ్యించుకోకూడదు. పక్కవాడు ఇష్టంగా తింటుంటే 'ఛీ, అదెలా తింటావు?' అనే మాట మన నోటి నుండి ఎంత తేలికగా జారిపోతుందో ఆలోచించండి! ఒక ప్రాంతంవారి, ఒక కులంవారి, ఒక పేద ఇంటివారి ఆహారాన్ని వెక్కిరించడం మన సమాజంలో పాత జబ్బు. అది రుచికి సంబంధించిన విషయం కాదు, అహంకారానికి సంబంధించినది.

నాలుగవది: కానుక తెచ్చినవారి గౌరవం కాపాడాలి. దైవప్రవక్త (స) దబ్ వదిలేశారు గాని నెయ్యి, పెరుగు తిన్నారు. విందులో అయిదు వంటకాలు పెడితే ఒకటి నచ్చలేదని అలిగి కూర్చోవడం కాదు. నచ్చిన నాలుగింటిని తృప్తిగా తిని, వండినవారికి దుఆ చేయడం మర్యాద.

అయిదవది: ఎదుటివారికి ఏమి వడ్డిస్తున్నామో ముందే చెప్పాలి. తెలియకుండా కలిపి తినిపించి, తర్వాత నవ్వుకోవడం కొందరికి సరదా. ఆ ఇంటి స్త్రీలు మాత్రం దైవప్రవక్త (స)కు ముందే చెప్పమన్నారు.

వండినవారి మనసు

హిజ్రత్ తర్వాత, 622లో, దైవప్రవక్త (స) మదీనాకు వచ్చిన తొలి రోజుల్లో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట బస చేశారు. అబూ అయ్యూబ్ (రజి) భోజనం సిద్ధం చేసి పంపేవారు. పాత్ర తిరిగి వచ్చాక, ఆయన వేళ్ళు ఎక్కడ తగిలాయో అడిగి తెలుసుకుని, శుభం కోసం అక్కడి నుండే తినేవారు. ఒకరోజు వెల్లుల్లి వేసిన భోజనం ముట్టకుండా తిరిగి వచ్చింది. అబూ అయ్యూబ్ (రజి) గుండె ఝల్లుమంది. వెంటనే వెళ్ళి ఇది హరామా అని అడిగారు. కాదనీ, తమకు అది ఇష్టం లేదనీ దైవప్రవక్త (స) చెప్పారు. ఆ మాటతో ఆయన కలవరం తీరిపోయింది.

ముట్టకుండా తిరిగి వచ్చిన గిన్నెను చూసి వండినవారు పడే బాధ ఎలాంటిదో ఈ సంఘటనలో కనిపిస్తుంది. మన ఇళ్ళలో ఆ బాధ ప్రతిరోజూ స్త్రీలు పడుతున్నారు. తెల్లవారక ముందే లేచి, పిల్లలను బడికి పంపి, ఎండలో కూరగాయలు తెచ్చి, పొగలో వండిన మనిషికి 'ఇదేం కూర?' అన్న మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. దైవప్రవక్త (స) ఏనాడూ ఏ భోజనాన్నీ తప్పుపట్టలేదనీ, నచ్చితే తినేవారనీ, నచ్చకపోతే వదిలేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) సాక్ష్యమిచ్చారు. నచ్చకపోతే మౌనం, కారణం అడిగితే మృదువుగా ఒక మాట. అంతే. ఉప్పు ఎక్కువైందనో, మాడిందనో దస్తర్‌ఖాన్ మీద అందరి ముందు విచారణ జరపడం ఆయన పద్ధతి కాదు.

మరో సంఘటన చూడండి. ఒకరోజు దైవప్రవక్త (స) రొట్టెతో నంజుకోవడానికి ఏమైనా ఉందా అని ఇంట్లో అడిగారు. వెనిగర్ తప్ప మరేమీ లేదన్నారు. ఆయన దాన్నే తెప్పించుకుని, మంచి ఆధరువని మెచ్చుకుంటూ తిన్నారు. హజ్రత్ జాబిర్ (రజి) దీన్ని ఉల్లేఖించారు. ఇంట్లో ఏమీ లేదని చెప్పవలసి వచ్చినవారి చిన్నబోయిన మనసు ఆ ఒక్క మెచ్చుకోలుతో ఎంత తేలికపడి ఉంటుందో!

నాలుకలన్నీ ఒకటి కావు

తినకపోవడమంతా పొగరేనని అనుకోవడం కూడా పొరపాటు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక రసాయనపు పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న వ్యక్తి నోరంతా చేదుగా ఉందన్నాడు. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఒకే పదార్థం ఒకరికి భరించలేనంత చేదుగానూ, మరొకరికి చప్పగానూ ఉండగలదని అలా బయటపడింది. ఈ తేడాకు ముఖ్య కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. క్యాబేజీ జాతి కూరగాయల్లోని చేదు కొందరికి ఎక్కువగా తెలియడానికి ఈ జన్యువుతో సంబంధం ఉంది. మనకు కమ్మగా ఉండే కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేస్తుంది. నాలుకలను, ముక్కులను ఇన్ని రకాలుగా సృష్టించినవాడు అల్లాహ్‌యే.

ఒకసారి ఏదైనా తిన్న తర్వాత వాంతులైతే, తప్పు ఆ ఆహారానిది కాకపోయినా, ఏళ్ళ తరబడి అది చూస్తేనే కడుపులో తిప్పినట్లు కావడం మామూలే. ఇది మనిషి కావాలని చేసే పని కాదు, శరీరం తనను తాను కాపాడుకునే తీరు.

ఇంకా తీవ్రమైన స్థితి ఒకటి ఉంది. కొందరు పిల్లలు, పెద్దలు కూడా, నాలుగైదు పదార్థాలు తప్ప మరేమీ మింగలేరు. కొత్త ఆహారం నోట్లో పెడితే భయంతో వణుకుతారు. బరువు తగ్గిపోతారు, రక్తహీనతకు గురవుతారు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో ఈ స్థితికి వేరుగా చోటిచ్చింది. ఇలాంటివారికి కావలసింది వైద్యుడు, ఓర్పు గల కుటుంబం. ఉపన్యాసాలు, దెబ్బలు కాదు. వైద్యం చేయించుకోవడం కూడా దైవప్రవక్త (స) బోధనే.

పిల్లల విషయంలో

రెండేళ్ళ నుండి ఆరేళ్ళ వరకు పిల్లలు కొత్త ఆహారాన్ని అనుమానంగా చూడటం సహజం. చాలామందిలో ఇది వయసుతో పాటు తగ్గుతుంది. ఒక కొత్త రుచికి అలవాటు పడటానికి పిల్లవాడికి 8 నుండి 15 సార్లు దాన్ని రుచి చూసే అవకాశం కావాల్సి రావచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. మనం మాత్రం రెండుసార్లు పెట్టి, మూడోసారి చేయి ఎత్తుతాం! బలవంతంగా నోట్లో కుక్కితే ఆ కూర మీద అయిష్టం మరింత బలపడుతుంది.

ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలో దైవప్రవక్త (స) సంరక్షణలో పెరిగారు. భోజనం చేసేటప్పుడు ఆ పిల్లవాడి చేయి పళ్ళెమంతా తిరిగేది. దైవప్రవక్త (స) ప్రేమగా మూడు మాటలు నేర్పారు: అల్లాహ్ పేరుతో మొదలుపెట్టాలి, కుడిచేత్తో తినాలి, తన ముందున్న దాన్ని తినాలి. ఆనాటి నుండి జీవితమంతా తన అలవాటు అదేనని ఆ పిల్లవాడు పెద్దయ్యాక చెప్పుకున్నారు. మృదువుగా చెప్పిన మాట ఆయనకు జీవితాంతం నిలిచిపోయింది.

రుచి ప్రేమతో మారుతుందనడానికి హజ్రత్ అనస్ (రజి) ఉదాహరణ. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచాడు. బార్లీ రొట్టె, ఎండు మాంసంతో కలిపి వండిన సొరకాయ పులుసు పెట్టాడు. దైవప్రవక్త (స) సొరకాయ ముక్కలను వెతుక్కుని ఇష్టంగా తినడం అనస్ (రజి) చూశారు. ఆనాటి నుండి తనకూ సొరకాయ అంటే ఇష్టం ఏర్పడిందని ఆయన చెప్పారు. అక్కడ ఎవరూ అనస్ (రజి)ను తినమని ఆజ్ఞాపించలేదు. తాను ప్రేమించే వ్యక్తి ఇష్టంగా తినడం చూశారు, అంతే. మన ఇళ్ళలో దాల్చాలోని సొరకాయ ముక్కలను పక్కకు నెట్టే పిల్లలకు ఈ సంఘటన చెప్పి, మనమే ముందు ఇష్టంగా తిని చూపిద్దాం. తండ్రే ముఖం చిట్లిస్తుంటే కొడుకు తింటాడా?

హద్దు ఎక్కడ?

అయిష్టానికి ఇంత వెసులుబాటు ఉందని దాన్ని విలాసంగా మార్చుకోరాదు. బనీ ఇస్రాయీల్‌కు ఎడారిలో అల్లాహ్ మన్న్, సల్వాలను ప్రసాదించాడు. ఒకే రకం తిండితో ఉండలేమని వారు ఆకుకూరలు, దోసకాయలు, వెల్లుల్లి, పప్పులు, ఉల్లిపాయలు అడిగారు. మేలైనదాన్ని వదిలి తక్కువదాన్ని కోరుకుంటున్నారని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో వారిని మందలించింది. అడిగినవి నిషిద్ధ వస్తువులు కావు. కష్టం లేకుండా లభించిన అనుగ్రహాన్ని చులకన చేయడమే వారి తప్పు.

మరోవైపు, హలాల్‌ను తనపై తాను నిషేధించుకోవడానికి కూడా అనుమతి లేదు. ఒక ప్రామాణిక ఉల్లేఖనం ప్రకారం, సతీమణుల మనసు కోసం దైవప్రవక్త (స) ఇకపై తేనె తాగనని ప్రమాణం చేశారు. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని నిషేధించుకోవద్దని తహ్రీమ్ సూరా ప్రారంభంలో అల్లాహ్ ఆయనను హెచ్చరించాడు. కనుక 'నాకు ఇష్టం లేదు' అనవచ్చు గాని, 'నా జన్మలో ముట్టను' అని ఒట్టు పెట్టుకోవడం మన పద్ధతి కాదు.

ఇక వృథా సంగతి. నచ్చనిది పళ్ళెంలో వేయించుకుని పారవేయడం ఎంతమాత్రం తగదు. వలీమా విందుల్లో ఎంగిలి పళ్ళాల్లో మిగిలే బిర్యానీ, మాంసం చూస్తే ఈ మాట అర్థమవుతుంది. తినలేనిదాన్ని వడ్డించకముందే వద్దనండి. అది ఇంకొకరికి అందుతుంది. కింద పడిన ముద్దను కూడా శుభ్రం చేసుకుని తినమని నేర్పిన ప్రవక్త (స) అనుచరులం మనం.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి మన ఇంట దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు ఒక్క విషయం పాటిద్దాం. నచ్చిన వంటకాన్ని నోరారా మెచ్చుకుందాం. నచ్చనిదాన్ని నిశ్శబ్దంగా వదిలేద్దాం. తినలేకపోతున్నవారిని ప్రశాంతంగా ఉండనిద్దాం. మన నాలుకకు రుచి చూడటంతో పాటు మాట్లాడే శక్తిని కూడా ఇచ్చిన అల్లాహ్, ఈ రెండింటినీ తన ప్రసన్నతకు అనుగుణంగా వాడుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.