గేలం వేస్తే కదలడు, పుస్తకం తీస్తే కూర్చోడు

సమస్య

మాది ఉయ్యూరు దగ్గర పల్లె. మావారు కౌలు వ్యవసాయం చేస్తారు. బాబుకి తొమ్మిదేళ్లు, ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. మాటల్లో వాడికి తిరుగులేదు. పాఠం ఎవరైనా చదివి వినిపిస్తే పొల్లుపోకుండా అప్పజెబుతాడు. పుస్తకం తీస్తే మాత్రం తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ‘పలక’ని ‘వలక’ అంటాడు. ‘చెట్టు’ రాయమంటే ‘చెటు’ రాస్తాడు. నిన్న చదివిన మాట ఇవాళ మళ్లీ కొత్తే. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోడు. అదే పుల్లేరు కాలువ గట్టున గేలం వేశాడంటే మధ్యాహ్నమంతా కదలడు. “అక్కడ కూర్చున్నవాడు ఇక్కడ కూర్చోలేడా? అంతా పొగరు” అని మావారు చెయ్యి చేసుకుంటున్నారు. ఆయనా ఏడో తరగతితో మానేసినవారే. తనకీ అక్షరాలు అలికేసినట్టు కనిపించేవని ఓసారి అన్నారు. సాయంత్రం రెండు గంటలు ట్యూషన్ పెట్టాం. అక్కడ తప్పు రాసిన మాటని యాభైసార్లు రాయిస్తున్నారు. ఆరో తరగతికి విజయవాడ హాస్టల్లో వేస్తే దారిలో పడతాడని అందరూ అంటున్నారు. మొన్న రాత్రి పక్కలో పడుకుని, “అమ్మా, నాకు బుర్ర లేదా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

— ఒక తల్లి

సలహా

అమ్మా, ముందు ఆ ప్రశ్నకి జవాబు చెప్పండి, ఇవాళే. “నీ బుర్ర బాగానే ఉందిరా. అక్షరం చూడగానే దాని శబ్దం పట్టుకోవడం నీకు కష్టంగా ఉంది. నీలాంటి పిల్లలకి నేర్పే పద్ధతి వేరే ఉంది, అది పట్టుకుందాం” అనండి. ఇది ఊరడింపు కోసం చెప్పే మాట కాదు, నిజం. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు ఇలాంటి పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. తెలివైనవాడే, లెక్కలు చేసేవాడు, చదవడమే వచ్చేది కాదు. దీన్నే ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నాం. మీ ఉత్తరం చదివితే అదేనన్న అనుమానం నాకు గట్టిగా ఉంది. దానితోపాటు ధ్యాస కుదురుగా నిలవనివ్వని ఏడీహెచ్‌డీ కూడా ఉండొచ్చు, చాలామంది పిల్లల్లో రెండూ కలిసే ఉంటాయి. ఖాయంగా చెప్పాల్సింది మాత్రం పరీక్ష చేసినవాళ్లే.

గేలం సంగతి మీవారికి ఇలా చెప్పండి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి ధ్యాస లేకపోవడం కాదు, దాన్ని కావాలనుకున్న చోట నిలపడం వాళ్ల చేతిలో ఉండదు. బెండు ఎప్పుడు మునుగుతుందా అన్న ఆత్రం వాడిని గట్టున కూర్చోబెడుతుంది. పుస్తకం దగ్గర ప్రతి అక్షరమూ ఓటమే అయినప్పుడు ఏ పిల్లాడు కూర్చుంటాడు? ఇంకోమాట. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది. అక్షరాలు అలికేసినట్టు కనిపించేవన్న మనిషికి ఆ బాధ ఏమిటో ఇంట్లో అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. పరీక్షకి ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. కొట్టడం మాత్రం ఈ రోజుతో ఆగాలి.

యాభైసార్లు రాయించడం ఆపించండి. దానివల్ల చెయ్యి నొప్పి పుడుతుంది గానీ చదువు రాదు. తెలుగు చదవాలంటే కన్ను ఎడమ నుంచి కుడికి పోతే చాలదు. గుడి పైనుంటుంది, ఒత్తు కిందుంటుంది. సొనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధనలో, గుణింతాలూ ఒత్తులూ పూర్తిగా పట్టుబడడానికి ఏ ఇబ్బందీ లేని పిల్లలకే నాలుగైదు తరగతుల దాకా పడుతోందని తేలింది. మన లిపి దానికి తోబుట్టువే. మీవాడికి ఇంకొంచెం ఎక్కువ టైము ఇవ్వాలి.

ఇంట్లో తెలుగుతోనే మొదలుపెట్టండి. మన భాషని రాసినట్టే పలుకుతాం, ఇంగ్లీషు స్పెల్లింగుకి ఆ నిలకడ లేదు. మొదట పుస్తకం వద్దు. మూడు చింతగింజలు పెట్టి ‘పలక’ అనిపించండి, ఒక్కో గింజ జరుపుతూ ప, ల, క. మొదటి గింజ తీసేస్తే ఏం మిగిలింది? ‘లక’. అక్కడ ‘చి’ పెడితే? ‘చిలక’. ‘మొ’ పెడితే ‘మొలక’, ‘గి’ పెడితే ‘గిలక’. చెవికి ఇది బాగా పట్టుబడ్డాకే అక్షరం చూపించండి. పళ్లెంలో ఇసుక పోసి, శబ్దం పైకి అంటూ వేలితో పెద్దగా రాయించండి. ఈ వారమంతా ప, వ రెండే. పకి తలకట్టు విడిగా ఉంటుంది, వకి అంటుకుని ఉంటుంది, అది వాడి వేలికే తెలియాలి. ఒత్తుల దగ్గరికొచ్చాక ‘చెట్టు’ అనిపించి, మధ్యలో నాలుక ఎక్కడ ఆగిందో అడగండి. ఆ ఆగిన చోటే ఒత్తు. దాన్ని ఎర్ర పెన్సిల్‌తో రాయించండి. పది నిమిషాలు చాలు. వాకిట్లో కాసేపు పరుగెత్తి వచ్చాక ఇంకో పది. ఎప్పుడూ తప్పు లేకుండా చదివిన మాట దగ్గరే ఆపండి. సైన్సు, సోషలు మీరు చదివి వినిపించండి. చదవడం రాలేదని విషయం కూడా పోగొట్టుకోకూడదు.

హాస్టల్ ఊసు వద్దు. తెల్లారగట్ట లేపి స్టడీ అవర్లలో కూర్చోబెట్టేవాళ్లకి ఈ చింతగింజల ఓపిక ఉండదు. వీడు అక్కడ కుంగిపోతాడు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కంటి పరీక్ష, వినికిడి పరీక్ష ముందు చేయించండి. తర్వాత విజయవాడ ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. ఆ పేరు చూసి జంకొద్దు. ఏడీహెచ్‌డీకి మందు రాస్తే అది కుదురుకి సాయపడుతుందే గానీ అక్షరాలు నేర్పదని గుర్తుంచుకోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో కూడా ఇలాంటి పరీక్షలు చేస్తారు. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం టీచర్లని కూడా కలవండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యమూ ఒకటి. ఎనిమిదేళ్లు నిండితే ధ్రువపత్రం ఇస్తారు, 14 ఏళ్లకి, 18 ఏళ్లకి మళ్లీ పరీక్షిస్తారు. రేపు పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయానికీ, వాడు చెబుతుంటే రాసిపెట్టే సహాయకుడికీ ఆ కాగితమే ఆధారం. పేరు పడిపోతుందని దాన్ని వదులుకోకండి.

వెళ్లేటప్పుడు వాడి నోటుబుక్కులు పట్టుకెళ్లండి. కొట్టివేతలతో, తప్పులతో ఎలా ఉన్నవి అలాగే. తిన్నగా రాసిన కొత్త పుస్తకం తయారు చేయించొద్దు. డాక్టరు చూడాల్సింది ఆ తప్పులనే.