ఆటు చూసుకుని వెళ్ళాలి

చెల్లీ, గుమ్మడి వడియాలకి పప్పు నానబోసేశావా? నాననీ. ఈసారి వంటింటి కబుర్లు కట్టిపెట్టి నిన్ను మంగమారిపేట తీసుకెళ్తాను. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో, తొట్లకొండ దగ్గరే. ఎన్నిసార్లు కారులో ఆ మీదుగా పోలేదూ మనం! దిగడం, నాలుగు ఫొటోలు, మళ్ళీ ఎక్కడం. కాలికి రాయి తగిలితే ఒట్టు.

అక్కడ సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది. చలికాలం ఎండ నెత్తి మీద కమ్మగా ఉందని ఓ పొద్దున వదినా నేనూ హడావిడిగా వెళ్ళాం. తీరా చూస్తే పోటు మీదుంది సముద్రం, దగ్గరికి రానివ్వదే! చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ మమ్మల్ని చూసి నవ్వింది. "ఎండ చూసుకొచ్చినారు, ఆటు చూసుకోనేదేటమ్మా? అమాసకో పున్నానికో రండి, నీరు బాగా లాగుతాది."

అమావాస్యకి మళ్ళీ వెళ్ళాం, ఈసారి మధ్యాహ్నం అన్నాలు తిని. నిజంగానే నీరు వెనక్కి జరిగి, నాచు పట్టిన బండలు బయటపడ్డాయి. చెప్పులు చేత్తో పట్టుకో, పచ్చగా కనిపించిన చోట మాత్రం అడుగెయ్యకు. నేను వేశాను. ఎలా కూలబడ్డానో వదిన ఇప్పటికీ అభినయించి చూపిస్తోంది.

కూలబడ్డాను కాబట్టే ఇసుక చూశాను. అలల అంచున నల్లటి చారలు, వాటి మధ్య ఎర్రటి రేణువులు. గార్నెట్ అట. ఇక్కడి కొండల రాయిని ఖోండలైట్ అంటారు, ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఆ రాయి అరిగి అరిగి గార్నెట్ ఇసుకలో కలుస్తుంది. ఉంగరాల్లో పెట్టుకునే గోమేధికమూ ఆ జాతే. జ్యోతిష్కుడు చెప్పాడని వేలు పోసి గోమేధికం కొనుక్కున్న వదిన, ఆ మాట వినగానే వేలి వంకా ఇసుక వంకా చూసిన చూపు ఉంది చూడు!

తొట్లకొండ కూడా ఎక్కాం. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలుచుకున్న తొట్లే ఆ పేరుకి కారణం. 1988 నుంచి 1993 దాకా తవ్వితే ఆరామం మొత్తం బయటపడింది. సముద్రానికి ఎదురుగా చోటు ఎంచుకున్నారంటే సన్యాసులకీ కాస్త సరదా ఉన్నట్టే.

దారిలో తేగలు కొనుక్కుని ఇంటికొచ్చాం. వదిన కొంగుముడి విప్పి చిటికెడు ఇసుక వంటగట్టు మీద పోసింది. అన్నయ్య వచ్చి, "ఇదేం మసాలా?" అన్నాడు.