పచ్చబడ్డ చేపల చెరువుకు పేడ, డి.ఎ.పి. వేయకండి

కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీరు పచ్చగా ఉంటే పంట బాగున్నట్టేనని రైతుల నమ్మకం. లేత పచ్చ అయితే నిజమే. ముదురు పచ్చకు తిరిగి, గాలివాటు గట్టున తెట్టు కట్టిందంటే మాత్రం నీటిలో నత్రజని, భాస్వరం మోతాదు మించాయన్నమాట. అలాంటి చెరువులో ఒక్క తెల్లవారుజామున చేపంతా చచ్చి తేలవచ్చు. రెండెకరాలు కౌలుకు తీసుకుని, మేతకు అప్పు తెచ్చిన రైతు ఆ దెబ్బ నుంచి తేరుకోవడం కష్టం.

ఈ పోషకాలు ఎరువుల సంచిలోంచే వస్తాయనుకోవద్దు. దాణా వేసే చెరువుల్లో మేత నుంచి వచ్చేదే ఎక్కువ. మేతలోని నత్రజనిలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు చేప ఒంటికి పడుతుంది. మిగిలింది నీటిపాలే. అందులోంచి పుట్టే అమ్మోనియాను సూక్ష్మజీవులు ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. నైట్రేటు అంత హాని చేయదు గాని, నాచుకు ఎరువవుతుంది. భాస్వరం దారి వేరు. అది అడుగు మట్టిని పట్టుకుని ఉండి, అడుగున ప్రాణవాయువు తగ్గినపుడు మళ్లీ నీటిలోకి వదులుతుంది. డి.ఎ.పి. మానేసినా పాత చెరువులు పచ్చబడుతూ ఉండడానికి కారణం ఇదే.

నాచు పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి చేపలతో పాటు తానూ పీల్చుకుంటుంది. కనుక తెల్లారేసరికి లోటు పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీ జాగ్రత్త.

పరీక్షకు పరికరం అక్కర్లేదు. ఎండ బాగా ఉన్నపుడు చేతిని నిలువుగా నీటిలోకి దించండి. మోచెయ్యి మునిగినా అరచెయ్యి కనిపిస్తుంటే నీటిలో సత్తువ తక్కువ. మణికట్టు మునిగేసరికే అరచెయ్యి కనపడకపోతే నీరు ముదిరింది. బురద నీటికి ఈ లెక్క పనికిరాదు.

ముదిరితే పేడ, కోళ్ల పెంట, యూరియా, డి.ఎ.పి. అన్నీ ఆపాలి. మేత సగానికి తగ్గించాలి. తవుడు సంచులు సాయంత్రం ఎత్తి చూసి, మిగిలిన దాన్ని బట్టి మర్నాటి మేత వేయండి. అడుగు నీరు కొంత తీసి కాలవ నీరు పెట్టాలి. తీసిన నీరు వరిచేలోకి మళ్లిస్తే మంచి ఎరువే. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత ఆపి, ఇంజను పెట్టి నీరు ఎగజిమ్మించండి.

మైలతుత్తం చల్లితే నాచు పోతుందని కొందరు చెబుతారు. పోతుంది, కాని ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లి ఉన్న ప్రాణవాయువు కాస్తా లాగేస్తుంది. జియోలైటు కొంత అమ్మోనియాను పట్టినా భాస్వరం జోలికి పోదు. ముదిరిన నీటిలో సున్నం కూడా చూసి వేయాలి, క్షారం పెరిగితే అమ్మోనియా విషం పెరుగుతుంది.

పట్టుబడి అయ్యాక చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి, పై నల్లటి ఒండ్రు తీసేయండి. మంచినీటి చెరువు ఒండ్రయితే చేలకు తోలుకోవచ్చు. ఉప్పునీటి చెరువు మట్టి మాత్రం పొలానికి తోలవద్దు.