ఇంజను మార్చేముందు వేసుకోవలసిన లెక్క

బురదలో దిగబడ్డ బండిని బయటకు లాగేది ఇంజను బలమేనని మన పల్లెల్లో ఒక గట్టి నమ్మకం. అందుకే పాత జీపు ఒకటి చేతికి రాగానే దానిలో ఏ ఇంజను దించుదామా అన్నది మొదటి ఆలోచన, బండిని ఎంత ఎత్తు లేపుదామా అన్నది రెండో ఆలోచన. ఈ రెండు పనులూ అసాధ్యం కావు. అయితే ఏది మారిస్తే దానితోపాటు ఇంకేమేమి మారతాయో కాగితం మీద పెట్టి చూసేవారు తక్కువ. ఇందుకు డిగ్రీ మొదటి సంవత్సరంలో మనం చదువుకున్న యంత్రశాస్త్రం చాలు. ఆర్ట్సు మిత్రులు కూడా భయపడనక్కరలేదు. కూడికలు, గుణింతాలు తప్ప ఇందులో పెద్దగా ఏమీ లేవు.

నాకీ విషయం తగిలించినవాడు మా బాబాయి. పల్నాడులో మాది నల్లరేగడి సేద్యం, పత్తీ మిర్చీ. వానలు పడితే మా డొంక దాటడం ట్రాక్టరుకే గగనం. బాబాయి వేలంలో ఒక పాత పెట్రోలు జీపు పాడుకొచ్చాడు. కాగితాలు రద్దయిన బండి కాబట్టి రోడ్డెక్కేది కాదు, పొలానికే. వెనక భాగం కోయించి తొట్టి కట్టించి పికప్‌లా చేయాలని, డీజిలు ఇంజను పెట్టాలని, ఒక జానెడు ఎత్తు లేపాలని ఆయన ఉద్దేశం. మా ఊరి మెకానిక్ భాయ్ "అన్నిటికీ ప్లేటు కొట్టొచ్చన్నా" అన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, సైన్సు చదువుతున్నావుగా, ఇదేమన్నా కుదిరేదేనా చూడు" అని బాబాయి నాకు పురమాయించాడు.

ఆ జీపు సి.జె. 3-బి రకం. దాని పుట్టుకే ఒక ఇంజను మార్పు! 1953లో అమెరికాలో విల్లీస్ కంపెనీ తన పాత జీపులో హరికేన్ అనే కొత్త ఇంజను పెట్టింది. దీనిలో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులోకి వచ్చాయి, దాంతో ఇంజను ఎత్తు పెరిగింది, పాత బానెట్టు కింద పట్టలేదు. బానెట్టునే ఎత్తు పెంచి సరిపెట్టారు. మహీంద్రా వారు మన దేశంలో చాలా ఏళ్ళు తయారుచేసిన ఎత్తు ముక్కు జీపు ఇదే.

ఇక లెక్కకు వద్దాం. ఈ ఇంజను ఇచ్చే గరిష్ఠ టార్కు సుమారు 155 న్యూటన్-మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 2.8, ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు 2.46, యాక్సిల్‌లోని క్రౌన్, పినియన్ నిష్పత్తి 5.38. మూడూ గుణిస్తే 37. అనగా ఇంజను 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది, టార్కు 37 రెట్లవుతుంది. దారిలో ఘర్షణకు ఐదో వంతు పోయిందనుకున్నా, 35 సెం.మీ. వ్యాసార్ధం గల టైరు దగ్గర 13,100 న్యూటన్ల బలం మిగులుతుంది. మామూలు భాషలో 1,340 కిలోల లాగుడు.

ఇప్పుడు నేల సంగతి. బండి, మనిషి, సరుకు కలిపి 1,300 కిలోలనుకుందాం. తడి రేగడిలో టైరుకూ మట్టికీ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. నాలుగు చక్రాలూ తిరిగినా నేల ఒప్పుకునే లాగుడు 390 కిలోలే. వెనక చక్రాలు మాత్రమే తిరిగితే అందులో సుమారు సగం. ఇంజను ఇవ్వగలిగిన దానిలో మూడో వంతు కూడా నేల తీసుకోవడం లేదు! మిగిలిన బలం చక్రాన్ని ఉన్నచోటనే తిప్పి గుంట తవ్వడానికి పనికొస్తుంది. రెట్టింపు బలమున్న ఇంజను పెడితే గుంట రెట్టింపు వేగంగా తవ్వుతుంది, అంతే. కాబట్టి బురద బండికి లెక్క మొదలుపెట్టవలసింది టైరు దగ్గర, ఇంజను దగ్గర కాదు.

ఘర్షణ తాకుడు వైశాల్యం మీద ఆధారపడదని మనం పరీక్షల్లో రాస్తాం. గట్టి ఉపరితలాలకు అది సరిపోతుంది. మెత్తని మట్టిలో టైరు కూరుకుపోతుంది. కూరుకున్నకొద్దీ ముందున్న మట్టిని తోసుకుంటూ పోవాలి. టైర్లలో గాలి తగ్గిస్తే పాదం వెడల్పై తక్కువ కూరుకుంటుంది. పైసా ఖర్చులేని ఈ పని చాలాసార్లు కొత్త ఇంజను కంటే ఎక్కువ ఉపకరిస్తుంది. తిరిగి గట్టి నేల మీదకు రాగానే గాలి కొట్టుకోవాలి, అది మరవకూడదు.

టైరు తరువాత డిఫరెన్షియల్. దీన్ని అర్థం చేసుకోవడానికి కాడిని మించిన బొమ్మ లేదు. ఎలపటెద్దు, దాపటెద్దు కాడికి రెండు కొసలా సమానంగా లాగుతుంటేనే బండి కదులుతుంది. ఒకటి లాగడం మానేస్తే కాడి అటు తిరిగిపోతుంది. రెండోది ఎంత బలమైనదైనా దాని బలం బండికి అందదు. మామూలు డిఫరెన్షియల్ కూడా రెండు చక్రాలకూ సమానమైన టార్కే ఇస్తుంది. ఒక చక్రం గాలిలో లేస్తే దానికి కావలసిన టార్కు దాదాపు సున్న, కనుక నేల మీదున్న రెండోదానికి అందేదీ సున్నే. అందుచేత చక్రాలు నేల విడవకుండా చూడటం సస్పెన్షన్ మొదటి ధర్మం. ఎత్తు లేపడం దాని ధర్మం కాదు.

మన దగ్గర సస్పెన్షన్ బలపరచడమంటే కమాను కట్టల్లో ఒక పట్టీ ఎక్కించడం. ఒకే మందం గల ఐదు పట్టీలకు ఆరోది చేరిస్తే బిరుసు ఐదో వంతు పెరుగుతుంది. కాని 6 మి.మీ. పట్టీలు తీసేసి 8 మి.మీ.వి వేస్తే? బిరుసు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది గనుక దాదాపు 2.4 రెట్లవుతుంది. పొడవు విషయం దీనికి తిరగబడుతుంది: కమాను పొడవు పెరిగినకొద్దీ ఘనంలోనే మెత్తనవుతుంది. బిరుసెక్కిన బండి అడ్డకాలువలో ఒక చక్రం దించగానే ఎదురు మూల చక్రం లేచిపోతుంది, మళ్ళీ కాడి కథే. పొడవాటి, పలచని పట్టీలు ఎక్కువ ఉన్న కట్ట బురదకు మంచిది. సరుకు ఎత్తితే కుంగుతుంది నిజమే, కాని రెండు కోరికలూ ఒకే కట్ట తీర్చలేదు.

ఇతర దేశాల్లో కూడా ఈ చర్చ ఉంది. అమెరికాలో టయోటా పికప్‌కు 1986 మోడలు నుంచి ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ వచ్చింది. రోడ్డు మీద హాయి పెరిగింది. రాళ్ళలో మెల్లగా పాకించేవారిలో చాలామంది మాత్రం దాన్ని విప్పేసి పాత తరహా ఒంటి యాక్సిల్ బిగించుకున్నారు. ఒంటి యాక్సిల్‌లో ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుంటుంది, అదీ దాని సుగుణం. మెక్సికోలో 1967లో మొదలైన బాహా ఎడారి పందెం వంటి వాటిలో వేగం ముఖ్యం, అక్కడ ముందు చక్రాలు విడివిడిగా ఆడటమే మేలు.

ఎత్తు లేపే పద్ధతిలో ఎక్కువ వాడుకలో ఉన్నది యాక్సిల్ కిందున్న కమానులను పైకి మార్చడం. ఒక్క దెబ్బతో జానెడు లేస్తుంది. చాలామంది గమనించనిదేమంటే, లేచేది ఛాసీ, తొట్టి మాత్రమే. యాక్సిల్ మధ్య డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటనే ఉంటుంది. గట్టుకు తగిలేది ఆ గుండే. దాన్ని లేపగలిగింది పెద్ద టైరు ఒక్కటే. 40 సెం.మీ. వ్యాసార్ధం గల టైరు వేస్తే 5 సెం.మీ. లాభం. దానికి ధర, లాగుడు ఎనిమిదో వంతు తగ్గడం, మీటరు 60 చూపినప్పుడు నిజంగా 68 కి.మీ. పైన పోవడం.

ఛాసీ లేస్తే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది. దాని చివరనున్న క్రాసు జాయింటు వంగి తిరిగేటప్పుడు ఒక వైపు సమవేగం ఉన్నా రెండో వైపు ఉండదు. 20 డిగ్రీల వంపుకు కోసైన్ 0.94, కనుక ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం ఆరు శాతం తగ్గుతూ, ఆరు శాతం పెరుగుతూ ఉంటుంది. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండి, ఫోర్కులు ఒకే వరసలో ఉంటే ఒకదాని తేడా రెండోది చెరిపేస్తుంది. షాఫ్టు విప్పి మళ్ళీ బిగించేటప్పుడు భాయ్ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవడానికి కారణం ఇదే. అతను ఏ పుస్తకమూ చదవలేదు.

ఇక ఇంజను. డీజిలు పెట్టడం తప్పని నేననను. ఖర్చు తగ్గుతుంది, తక్కువ వేగంలో ఆగకుండా లాగుతుంది, ప్లగ్గులు లేవు కనుక వాగు దాటేటప్పుడు తడిసి ఆగిపోయే బాధ ఉండదు. అయితే నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ట్రాక్టరు ఇంజను ఈ జీపులో పెడితే, టాప్ గేరులో వేగం గంటకు 49 కి.మీ. మాత్రమే. పెద్ద టైర్లతో 56. పొలానికి అది ఎక్కువే. బరువైన ఇంజను ముందు కమాన్లను అణగదొక్కుతుంది, దానికి తగ్గ కట్ట కావాలి. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య కొట్టించే ప్లేటు లేతు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. క్రాంకు కేంద్రం, గేరుబాక్సు షాఫ్టు కేంద్రం ఒకే గీతలో లేకపోతే క్లచ్చు, బేరింగులు నిలవవు.

అన్నిటికంటె ముఖ్యమైన లెక్క చివరకు ఉంచాను. జీపు రెండు చక్రాల మధ్య వెడల్పులో సగం 61 సెం.మీ. గురుత్వ కేంద్రం ఎత్తు 65 సెం.మీ. అనుకుంటే నిష్పత్తి 0.94. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అయితే మలుపులో ఈ బండి పల్టీ కొట్టేలోపే పక్కకు జారుతుంది. జారడం ప్రమాదమే, కాని పల్టీ వేరు. 15 సెం.మీ. లేపితే నిష్పత్తి 0.76కు దిగుతుంది. ఇప్పుడు తొట్టిలో పదిమంది కూలీలు నిలబడ్డారు, ఒక్కొక్కరు 50 కిలోలు, వారి గురుత్వ కేంద్రం నేలకు 1.9 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. 1,100 కిలోల బండితో కలిపితే మొత్తం గురుత్వ కేంద్రం 1.14 మీటర్లకు పోతుంది, నిష్పత్తి 0.53. ఇక ఆ బండి జారదు, పల్టీయే కొడుతుంది. పక్కవాలు 28 డిగ్రీలుంటే కదలకుండా నిలబడ్డా పడిపోతుంది. కమాన్ల ఊగు కలుపుకుంటే అంతకంటే ముందే.

బాబాయి ఉద్దేశంలో మిర్చి కోతకు మనుషులను డొంక దాటించడం కూడా ఉంది. ఈ అంకె చూపించేసరికి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కమాన్లు పైకి మార్చకుండా పెద్ద టైర్లు మాత్రమే వేసి, మనుషులు తొట్టి అడుగున కూర్చుంటే ఎంతవుతుందని అడిగాడు. బండిది 70 సెం.మీ., కూర్చున్నవారిది 1.1 మీటర్లు అనుకుని వేస్తే 0.74 వచ్చింది. "అయితే లేపొద్దులే" అన్నాడు. "లేపకపోతే చూడ్డానికేముంటుంది పెదనాన్న కొడుకా?" అని వాళ్ళబ్బాయి నా మీద ఇప్పటికీ గుర్రుగా ఉన్నాడు.

రోడ్డెక్కే బండికి ఇవేవీ సొంతంగా చేయకూడదని మిత్రులు గమనించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే స్పష్టం చేసింది.

ఒక పని ఇంకా మిగిలి ఉంది. పై లెక్కల్లో గురుత్వ కేంద్రం ఎత్తు నేను అనుకున్నదే, తూచినది కాదు. తూచే పద్ధతి తేలికే. ముందు చక్రాలు కాటా మీద ఉంచి చదునుగా ఒకసారి, వెనక చక్రాలను 20 డిగ్రీల వాలుకు లేపి ఒకసారి తూచాలి. కమాన్లు కుంగకుండా చెక్కలు బిగించాలి. చక్రాల మధ్య దూరం 2.03 మీటర్లున్న 1,100 కిలోల జీపులో ముందు బరువు 59 కిలోలు పెరిగితే ఎత్తు 65 సెం.మీ., 89 కిలోలు పెరిగితే 80 సెం.మీ. అయితే వేబ్రిడ్జి పది కిలోల తేడాతో చూపిస్తే ఫలితంలో 5 సెం.మీ. అనుమానం మిగులుతుంది. అందుకని ఇంకా సున్నితమైన కాటా వెతకాలి. సంక్రాంతి సెలవులకు బండిని ట్రాలీ మీద కట్టి తీసుకెళ్ళి తూచాలనుకుంటున్నాం. జాకీలు పట్టుకునేందుకు ఇద్దరు ముగ్గురు భౌతికశాస్త్ర విద్యార్థులు వస్తే మా ఇంట్లో అరిసెలకు లోటుండదు.