ప్రజారోగ్య రంగంలో నాయకత్వం: పుదుచ్చేరి అనుభవం

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా, కడలూరు వెళ్ళే మార్గంలో, అరియాంకుప్పం నదికి చేరువలో మురుంగపాక్కం ఉన్నది. ఇటువంటి పేటలో ఒక మురుగుకాల్వ పూడిపోయినదని అనుకుందాం. దానిని బాగుచేయవలసినది ఎవరు? పురపాలక సంఘమా, మరామత్తు శాఖా, ఆరోగ్య శాఖా, లేక అందులో చెత్త పారవేసే ఇంటివారా? అది ఇతరుల పని అని ఎవరికి వారు అనుకున్నంతకాలం నీరు నిలిచే ఉంటుంది, దోమలు పెరుగుతూనే ఉంటాయి. వీరందరినీ ఒక పనికి కూర్చగల సామర్థ్యమే ప్రజారోగ్య నాయకత్వం. అది పదవితో రాదు, అభ్యాసంతో అలవడుతుంది.

నిలిచిన మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ జాతి దోమ బోదకాలు వ్యాధిని వ్యాపింపజేస్తుంది. ఈ వ్యాధి సాధారణంగా ప్రాణం తీయదు. కాని కాలు వాచిన మనిషిని కూలి పనికి, బంధువుల శుభకార్యానికి దూరం చేస్తుంది. సంక్రమణ జరిగిన అనేక సంవత్సరాలకు గాని వాపు బయటపడదు. కనుక నేడు కాల్వ బాగుచేయించిన వ్యక్తికి రేపు వచ్చి కృతజ్ఞతలు చెప్పే రోగి ఉండడు. మెప్పు ఆశించక పనిచేయడం ఈ రంగంలో మొదటి శిక్షణ.

1975లో భారత వైద్య పరిశోధన మండలి పుదుచ్చేరిలో వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌ను నెలకొల్పినది. డాక్టర్ పి. కె. రాజగోపాలన్ సారథ్యంలో ఈ సంస్థ 1981-85 మధ్య పట్టణంలో సమగ్ర దోమల నియంత్రణ పథకాన్ని నిర్వహించినది. క్రిమిసంహారక మందు చల్లి ఊరుకొనక, దోమలు పుట్టే తావులను వెదకి గుర్తించడం, నీరు నిలువకుండా చేయడం ఈ పథకంలో ముఖ్యభాగాలు. దోమల సంఖ్య తగ్గినది. పిల్లలలో సంక్రమణ కూడా తగ్గుముఖం పట్టినది. ఆజ్ఞాపించుటకు ముందు స్వయంగా వెళ్ళి చూడాలన్నది దీని నుండి గ్రహించవలసిన అంశం.

ప్రజలను కలుపుకొనే విధానం కేరళలోని చేర్తలలో మరింత స్పష్టమైనది. అక్కడ బోదకాలును వ్యాపింపజేసే మాన్సోనియా దోమల పిల్లపురుగులు చెరువులలోని నీటిమొక్కల వేళ్ళను పట్టుకొని గాలి పీల్చుకుంటాయి. ఆ మొక్కలు కొబ్బరితోటలకు ఎరువు. వాటిని పెరికివేయమంటే రైతు వినునా? 1986లో అదే సంస్థ అక్కడ పని ప్రారంభించి, మొక్కలు తీసిన చెరువులలో చేపల పెంపకాన్ని ప్రోత్సహించినది. పాఠశాలలలో విద్యార్థి సంఘాలు ఏర్పడినవి. ఆరోగ్యానికి జీవనోపాధి తోడైనప్పుడు పని ప్రజలదే అయినది.

ఈ వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ ఔషధం వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1947లో ఆ బృందం ఈ మందును లోకానికి అందించినది. మన దేశంలో 2004 నుండి వ్యాధిపీడిత జిల్లాలలో సామూహికంగా మందు పంపిణీ జరుగుతున్నది. అయితే ఏ బాధా లేనివారు కూడా దానిని మ్రింగవలెను. మందు పెట్టె ఊరికి చేరడం ఒక ఎత్తు. ఇంటి గడపలో నిలిచి, సందేహాలు విని, నమ్మకం కలిగించడం మరొక ఎత్తు. తెలుగు శాస్త్రజ్ఞుని కృషి, తమిళ పట్టణపు అనుభవం, మలయాళ గ్రామాల సహకారం ఒకే వ్యాధిపై పోరుకు తోడ్పడినవి.

విద్యార్థులు ఈ అభ్యాసాన్ని తమ వీధిలోనే ప్రారంభించవచ్చును. ముందుగా నీరు నిలిచే తావులతో ఒక పటం గీయాలి. ఎండ దేశంలో దోమ గ్రుడ్డు వారం పదిరోజులలో రెక్కల దోమగా మారుతుంది కనుక ప్రతివారం ఒకే రోజున వాటిని పరిశీలించి, ఫలితాన్ని పుస్తకంలో వ్రాయాలి. ఇంటివారితో మాట్లాడాలి, వారు చెప్పే ఇబ్బందిని వినాలి. పెద్ద పనులకు సంబంధిత అధికారిని ఆ వ్రాతపుస్తకంతోనే కలుసుకోవాలి. చివరకు ఆ పుస్తకాన్ని తమ తరువాతి తరగతివారికి అప్పగించాలి. ప్రారంభించినవారు వెళ్ళిపోయిన తరువాత కూడా వారం వారం ఆ పరిశీలన సాగుతున్నదా? నాయకత్వానికి అదే నిజమైన పరీక్ష.