నోటి కాన్సర్ ఆపరేషన్‌లో సిర కలపడం: మొదటి మూడు రోజులు ఏం చూసుకోవాలి?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారులకు, ఆసుపత్రిలో వారికి తోడుండే వారికి
(డొంకూరు, ఇచ్ఛాపురం తీర గ్రామాలు)

చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మనవైపు అడ్డపొగ అంటాం. మన జిల్లాలో 10,169 మందిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించిన సర్వే 1971లో అచ్చయింది. అందులో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవారే. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే వీరికి అంగిలి కాన్సర్ భయం ఎక్కువ.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

గడ్డ తీసేశాక నోట్లో ఖాళీ పడుతుంది. చిన్నదైతే కట్టుడు పళ్ల లాంటి పలకతో మూస్తారు. పెద్దదైతే చేతి నుంచో, తొడ నుంచో, కాలి నుంచో కండ తెచ్చి అతుకుతారు. దీన్నే ఫ్లాప్ అంటారు. అది బతకాలంటే దాని రక్తనాళాలను మెడలోని నాళాలకు కలపాలి.

సిర ఎందుకంత ముఖ్యం?

వరి మడికి నీరు వచ్చే దారి ఉండి, పోయే దారి మూసుకుపోతే ఏమవుతుంది? పైరు కుళ్లిపోతుంది. ఇదీ అంతే. ధమని రక్తం తెస్తుంది, సిర తీసుకుపోతుంది. ఎక్కువగా మూసుకుపోయేది సిరే.

ఎలా కలుపుతారు?

• మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని దారంతో రెండు సిరల కొసలు కుడతారు.
• లేదా మెడలోని పెద్ద సిర పక్కన రంధ్రం చేసి అక్కడ కలుపుతారు.
• కొన్నిచోట్ల చిన్న రింగులతో బిగిస్తారు.
• అవసరమైతే రెండు సిరలు కలుపుతారు.

మీరు చూడాల్సినవి

మొదటి మూడు రోజులు కీలకం. నర్సులు రాత్రిపూట కూడా వచ్చి ఫ్లాప్ చూస్తారు, విసుక్కోకండి.

• ఫ్లాప్ నీలంగా, నల్లగా మారినా, ఉబ్బినా సిర మూసుకుపోయిందేమో అని అనుమానించాలి.
• తెల్లగా పాలిపోయినా, చల్లబడినా ధమని అనుమానం.
• వెంటనే నర్సుకు చెప్పండి. పొద్దున్న రౌండ్స్ దాకా ఆగొద్దు. త్వరగా మళ్లీ తెరిచి సరిచేస్తే ఫ్లాప్ దక్కే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే మొత్తం పోవచ్చు.
• మెడ చుట్టూ గట్టిగా ఏదీ కట్టొద్దు. గొంతు గొట్టం తాడు బిగుతైతే నర్సుకే చెప్పండి. మీరు ముట్టుకోవద్దు.
• తల ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలో అడగండి.
• డాక్టర్ చెప్పేదాకా నోటి ద్వారా నీళ్లు కూడా ఇవ్వొద్దు.
• చుట్ట, బీడీ, ఖైనీ పూర్తిగా మానాలి. పొగాకు రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది.

పథకం సంగతి

అడ్మిషన్ రోజే వైద్యమిత్రను కలవండి. ఫ్లాప్ ఆపరేషన్ మీ ప్యాకేజీలో ఉందా అని అడిగి తెలుసుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు దగ్గర ఉంచుకోండి. సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి.

నోట్లో పుండు, తెల్లమచ్చ రెండు వారాల్లో తగ్గకపోతే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. గడ్డ చిన్నగా ఉండగా వస్తే ఇంత పెద్ద ఆపరేషనే అక్కర్లేకపోవచ్చు.