నిస్తంత్రీ వర్తమానమును నమ్మదగినదిగా జేయుట ఎట్లు?

ముఖ్యమైన కాగితమును తపాలాలో పంపునపుడు మనము దానిని రిజిస్టరు చేసి, అందినట్లు రసీదు తెప్పించుకొందుము. గాలిలో పయనించు రేడియో వర్తమానమునకును ఇట్టి జాగ్రత్తయే అవసరము. నేడు నీటిమట్టమును, వర్షపాతమును, యంత్రముల నడకను కొలుచు పరికరములు తీగలు లేకయే తమ లెక్కలను దూరమునకు పంపుచున్నవి. కొండలో, కట్టడములో అడ్డుపడుట, రెండు పరికరములు ఒకేసారి పలుకుట, విద్యుత్తు కొరవడుట వలన ఆ లెక్క దారిలోనే చెడిపోవచ్చును.

ఈ లోపము నరికట్టు విధానమునకు మంచి ఉదాహరణము సికింద్రాబాదు రైల్వే డివిజనులో గలదు. రైళ్లు ఢీకొనకుండ కాపాడు ‘కవచ్’ ఏర్పాటు దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షింపబడి, 2020లో దేశమంతటికి ఆమోదింపబడినది. 1957లో సికింద్రాబాదున స్థాపింపబడిన ‘ఇరిసెట్’ సంస్థలో సిగ్నలు ఉద్యోగులు దీనియందు శిక్షణ పొందుచున్నారు. పట్టాల నడుమ నమర్చిన గుర్తుబిళ్ళలను ఇంజను చదివి తన స్థానమును తెలిసికొనును; స్టేషను టవరుతో రేడియో మూలమున మాటలాడును.

ఇందు నాలుగు జాగ్రత్తలు గమనింపదగినవి.

1. తోడు: ఒక బిళ్ళ చెడినను పని ఆగకుండుటకు దానికి జతగా మరియొకటి యుండును.

2. వంతు: ఒకరి మాట మరియొకరి మాటతో కలియకుండ ప్రతి ఇంజనుకును పలుకుటకు వేరు సమయము నిర్ణయింపబడును.

3. సరిచూపు: వర్తమానము చివర నుండు సరిచూచు సంఖ్య కుదరనిచో దానిని త్రోసివేయుదురు. వర్తమానములు వెంటవెంటనే వచ్చుచుండును గనుక ఒకటి పోయినను మరుసటిది అందును.

4. మౌనము: వర్తమానము రాకుండుటను క్షేమమునకు గుర్తుగా నెంచరు. నిర్ణీత వ్యవధిలో క్రొత్త వార్త అందనిచో పాత అనుమతిని చెల్లనీయక లోకో పైలటును హెచ్చరింతురు.

2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషనుల నడుమ జరిగిన పరీక్షలో, ఎదుటి ఇంజను ఇంకను 380 మీటర్ల దూరమున నుండగనే కవచ్ బండిని తనంతట నాపివేసినది. లెవెల్ క్రాసింగు సమీపించినపుడు ఈలయు తానే వేయును. కావున ఆ దారిన పోవు రైతులకు, పశువులకు, బడిపిల్లలకు సైతము ఇది రక్ష.

పంచాయతీ సభ్యులు దీనినుండి గ్రహింపదగినది గలదు. మంచినీటి ట్యాంకునకు నిస్తంత్రీ పరికరము నమర్చుకొనునపుడు ఈ ప్రశ్నల నడుగవలెను: చూపుచున్న లెక్క ఏ తేదీన, ఏ గంటకు వచ్చినది? చెడిన లెక్కను పరికరము గుర్తించునా? బ్యాటరీ తరుగుచున్నదని ముందే తెలియునా? వార్త ఆగినచో ఎవరికి తెలియజేయును? నిన్నటి లెక్కను నేటిదిగా నమ్మినచో ట్యాంకు నిండుగనున్నదను భ్రమలో ఊరివారు దాహముతో నుండవలసివచ్చును. వార్త రానిచో పంపు ఆపరేటరు స్వయముగా పోయి చూచి రావలెను.

రైలుమార్గము గల గ్రామములలో పట్టాల నడుమనుండు బిళ్ళలను, టవరులను, కేబులులను ఎవరును తాకకుండ సభ్యులు గ్రామసభలో బోధింపవలెనని కోరుచున్నాము. పరికరము మన కన్నులకు తోడు మాత్రమే. అది పలుకకున్నపుడు కనిపెట్టి చూచు బాధ్యత మనదే.